డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాయల చరిత్రమో, పెనుకొండ కోట చరిత్రమో వ్రాయుదునని వారు తలచియుందురు. వానిని నాకంటె బాగుగ వ్రాయగల పెద్దలు మనలో నున్నారు. గ్రామ లెక్కలు వ్రాయుచు వయస్సు గడిపిన నాకు, పాత ఇనాము రిజిస్టర్లలో దేవాలయ సేవా ఇనాముల పుటలు తిరుగవేయునప్పుడెల్ల ఒక స్త్రీ పేరు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆమె పుట్టినది తమిళదేశమున. అయినను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాలు మద్రాసు రాజధానిలో నుండిన దినములలో, ఆ రాజధాని శాసనసభలో కూర్చుండి ఆమె చేయించిన పనులు మన ఊళ్ళ ఆడబిడ్డల బ్రతుకులను కూడ తాకినవి. ఆమెయే డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి.

ఆమె 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు. అచ్చటి మహారాజా కళాశాలకు ప్రధానాచార్యుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులమున బుట్టినది. ఆమెను పెండ్లాడినందుకు నారాయణస్వామిగారిని స్వజనులు వెలివేసిరి. కన్నబిడ్డ ఏ కులమునకు చెందునో నిర్ణయింపలేక లోకులు తికమకపడుట ఆ యింట నిత్యము వినవచ్చిన మాట. తరువాతి కాలమున ఆ స్త్రీలను గూర్చి శాసనసభలో ఆమె మాటలాడినప్పుడు, తన తల్లి పుట్టినింటిని గూర్చియే మాటలాడుచున్నదన్న సంగతి పాఠకులు మరువరాదు.

ఆడపిల్ల ఈడేరినంతనే బడి మాన్పించుట అప్పటి ఆచారము. తల్లి కూతురి పెండ్లికి తొందరపడెను. తండ్రి మాత్రము పుస్తకములను ఇంటికే తెచ్చి పాఠములు చెప్పించెను. ఆమె ప్రైవేటుగా మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి నెగ్గెను. పిమ్మట మగపిల్లల కళాశాలలో చేర్చుకొనుమని అర్జీ పెట్టుకొనగా గొప్ప అలజడి పుట్టినది. దేవదాసి కూతురు వచ్చినచో మా బిడ్డలు చెడిపోవుదురని కొందఱు తండ్రులు మొఱపెట్టిరి. ఆ ఆక్షేపణలను త్రోసివేసి, పుదుక్కోట రాజు మార్తాండ భైరవ తొండమాను ఆమెను చేర్చుకొనుమని ఆజ్ఞ యిచ్చెను. రాజులు చేసిన పనులలో మనము కోటలను, చెఱువులను లెక్కింతుము గాని ఇట్టి ఒక్క వాక్యపు ఉత్తరువు కూడ లెక్కలోనికి రావలసినదే.

1907లో ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. 1912లో బంగారు పతకములతో పట్టమును పొంది, ఎగ్మూరులోని స్త్రీ శిశు వైద్యశాలలో హౌస్ సర్జనుగా ప్రవేశించెను. అంతకు మున్ను ఆ పదవిని ఏ స్త్రీయు పొందియుండలేదు.

ఆ ఆసుపత్రిలో ఆమె కంటబడిన దేమో చెప్పనిదే ఆమె తరువాతి జీవితము బోధపడదు గనుక, ఇచ్చట కొంచెము నిలిచెదను. పండ్రెండు, పదుమూడేండ్ల బాలిక గర్భవతి యయ్యెనను కొందము. ఆ వయస్సున నడుము ఎముకల గూడు పూర్తిగా పెరిగియుండదు. శిశువు తల ఆ యిరుకు దారిని పట్టదు. నొప్పులు ఒక దినము, రెండు దినములు, కొన్నిచోట్ల మూడు దినములు సాగును. శిశువు లోపలనే చనిపోవును. తల్లి బ్రతికినను, ఆ ఒత్తిడికి మూత్రాశయమునకు, యోనికి నడుమనున్న గోడ చివికి రంధ్రము పడును. అప్పటినుండి మూత్రము ఎడతెగక కారుచుండును. ఆ దుర్వాసనకు భర్త దగ్గరకు రానీయడు. అత్త వంటయింటి గడప తొక్కనీయదు. పదునాలుగేండ్ల పిల్ల పశువుల కొట్టమున చాప వేసికొని బ్రతుకవలెను. ఇది వైద్యమునకు లొంగని దౌర్భాగ్యము కాదు. శస్త్రచికిత్సచే ఆ రంధ్రమును మూయవచ్చును. అయినను దానిని కర్మ మని విడిచిపెట్టినవారే మెండు.

రెండవది మురికి. మన సీమలోను పురుడు పోయుట మంత్రసాని పని. ఆమెను నిందింపను. పలువురకు ప్రాణదానము చేసిన చేతు లవి. కాని ఒక బాలింత జ్వరముతో చచ్చిన యింటినుండి చేతులు కడుగుకొనకయే మఱియొక పురిటింటికి పోయినప్పుడు ఆ చేతులే విషమును మోసికొని పోయెడివి. బొడ్డు కోయు కత్తి త్రుప్పు పట్టినదైనను, కోసినచోట బూడిదయో పేడయో అద్దినను, వారము తిరుగకమునుపే పసికందునకు దవడలు బిగిసికొనెడివి. పల్లెలో దానికి గాలి సోకినదని పేరు. ధర్మవరమున మగ్గముల యిండ్లలో నెలలు నిండినదాక పట్టు నూలు చుట్టుచు, కండెలు త్రిప్పుచు కూర్చుండు చూలాండ్రకు రక్తము తక్కువై కాన్పున నెత్తురు పోయినచో నిలువ శక్తి యుండెడిది కాదు.

మూడవది చెప్పుటకు సంకోచింపవలసిన విషయమే. అయినను వైద్యురాలు సంకోచింపలేదు గనుక నేనును సంకోచింపను. బయట తిరుగు భర్త సుఖరోగమును తెచ్చి భార్యకు అంటించును. అంటిన రోగమువలన ఆమెకు గర్భము నిలువదు. నిలిచినను చచ్చిన శిశువు పుట్టును, లేదా గ్రుడ్డి శిశువు పుట్టును. అప్పుడు గొడ్రాలను నింద ఆమెకు వచ్చును. దెబ్బలు ఆమెకు పడును. ఆమె మీదకే సవతిని తెచ్చెదరు. రోగమును తెచ్చినవాడు పందిరి క్రింద రెండవమారు పెండ్లికొడుకై కూర్చుండును. ఇంటిలోని హింస అనగా కఱ్ఱతో కొట్టుట యొక్కటియే అని మనమనుకొందుము. ముత్తులక్ష్మి మాత్రము ఆసుపత్రి పడకల ప్రక్క నిలిచి రోగమును, బాల్యవివాహమును, కొట్టుటను, వెళ్ళగొట్టుటను ఒకే త్రాటి పేటలుగా చూచెను.

ఈ అనుభవముతోనే కాబోలు ఆమె పెండ్లికి తొందరపడలేదు. 1914లో డాక్టరు సుందర రెడ్డిగారిని వివాహమాడెను. తన్ను సమానురాలిగా గౌరవింపవలెననియు, తన యిష్టములకు అడ్డుపడరాదనియు ముందుగనే మాట తీసికొనెను. 1872 నాటి వివాహ చట్టము ప్రకారము ఆ పెండ్లి రిజిస్టరయ్యెను. సుందర రెడ్డిగారు ఆ మాటను చివరిదాక నిలుపుకొనిరి. భార్య పేరు తన పేరును మించి వినబడుచుండగా నొచ్చుకొనక, ఆమె పనులకు చేదోడుగా నుండిన పురుషులను గూర్చి మన పుస్తకములలో తగినంతగా వ్రాయరు.

1925లో ప్రభుత్వ విద్యార్థివేతనముపై ఆమె ఇంగ్లండు వెళ్ళి స్త్రీల, శిశువుల వ్యాధులను గూర్చి పై చదువు చదివెను. 1926లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ స్త్రీల మహాసభకు మన దేశము తరఫున పోయెను. తిరిగివచ్చిన పిమ్మట భారత మహిళా సంఘమువారు ఆమెను మద్రాసు శాసనసభకు నియమింపుమని కోరిరి. వైద్యవృత్తి చెడునని ఆమె మొదట వెనుదీసి, తుదకు ఒప్పుకొనెను. 1927లో సభవారు ఏకగ్రీవముగ ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. లోకమున ఏ శాసనసభలోను అంతవఱకు ఒక స్త్రీకి ఆ స్థానము దక్కలేదు. అప్పటి అధ్యక్షుడు మన తెలుగువాడైన సి. వి. ఎస్. నరసింహరాజుగారు.

అక్కడ ఆమె మొదట పట్టిన విషయములలో బాల్యవివాహ మొకటి. 1891లో చేసిన చట్టము పండ్రెండేండ్లు నిండని బాలికతో భర్తయైనను కూడరాదని విధించెను. అంతకు కొలదికాలము మున్ను కలకత్తాలో ఒక పసిపిల్ల భర్త చేతిలో మరణించుట దానికి తక్షణ కారణము. 1925లో ఆ వయస్సును పదుమూడు చేసిరి. పడకగది లోపలి నేరమును ఎవరు చూతురు, ఎవరు ఫిర్యాదు చేయుదురు? అట్టి చట్టము కాగితముపైననే యుండును. పెండ్లి వయస్సునే పెంచవలెనని ముత్తులక్ష్మి వాదము. 1928లో బాలికలకు 16, బాలురకు 21 ఏండ్లుండవలెనని సభలో తీర్మానము ప్రతిపాదించెను. మరుసటి యేడు కేంద్ర శాసనసభలో హరవిలాస శారదాగారి చట్టము నెగ్గినప్పుడు ఆ సంఖ్యలు 14, 18గా తగ్గెను. అది 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఈ తేదీకి ముందు దేశమంతట ముహూర్తములకు కఱవు వచ్చినట్లు పెండ్లిండ్లు చేసిరి. కన్యల వయస్సును 1949లో 15కును, 1978లో 18కిని పెంచిరి. అనగా ఆమె కోరిన సంఖ్యను దాటుటకు సరిగా ఏబదియేండ్లు పట్టెను.

ఇక దేవదాసీల విషయము. ఇచ్చట నా వృత్తికి సంబంధించిన మాట చెప్పక తప్పదు. పూర్వము దేవాలయములకు భూములు ఇచ్చినప్పుడు పూజారికి, భజంత్రీలకు, పూలమాలలు కట్టువారికి ఇచ్చినట్లే ఆడి పాడు స్త్రీలకును సేవా ఇనాములు ఇచ్చిరి. సేవ యున్నంతవఱకే భూమి. తల్లి ముసలిదైనప్పుడు కూతురికి బొట్టు కట్టించి ఆలయమునకు అర్పింపనిచో ఇనాము చేజారును. కూతురిని అర్పింపని తల్లి భూమిని పోగొట్టుకొనవలెను. భూమిని నిలుపుకొనదలచిన తల్లి కూతురి బ్రతుకును పోగొట్టవలెను. దీనిని దురాచార మని వేదికలెక్కి తిట్టినవారు పెక్కుమంది యుండిరి. ఆ దురాచారము ఏ మేకుకు వ్రేలాడుచున్నదో కనిపెట్టి ఆ మేకును ఊడబెఱికినది ముత్తులక్ష్మి.

1927 నవంబరులో ఆమె తీర్మానము సభలో నెగ్గెను. 1929లో హిందూ ధర్మాదాయ చట్టమునకు ఆమె తెచ్చిన సవరణ నెగ్గెను. దాని సారము ఇది: ఇనాము భూమి అనుభవించుచున్న స్త్రీ సేవ చేయవలసిన పని లేదు. భూమి ఆమెకే యుండును. నిర్ణయించిన శిస్తును ఆలయమునకు చెల్లించిన చాలును. కరణముల రిజిస్టర్లలో ఒక గడి మార్చుటతో ఎన్ని యిండ్లలో ఎందఱు ఆడపిల్లల మెడలు తప్పినవో లెక్క వేసినవారు లేరు. భూమిని లాగుకొని ఆచారమును మాన్పింపజూచినచో ఆ స్త్రీలు వీథిపాలయ్యెడివారు. సంస్కర్తలకు సాధారణముగ లేని వివేకము ఆమెకు ఉండెను.

ప్రతిపక్షము సామాన్యమైనది కాదు. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తిగారు ఆలయ కళలు అంతరించునని వాదించిరి. దేవదాసీలే సంఘముగా కూడి అర్జీలు పంపిరి. వారిలో ప్రసిద్ధ గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారుండిరి. తెలుగువారు ఆమెకు ఋణపడియున్నారు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి అచ్చు వేయించినది ఆమెయే. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినదియు ఆమెయే. కళను నేర్చినవారిని, ఆస్తి గలిగి విద్యావతులైనవారిని వేశ్యలతో కలిపి గట్టుట న్యాయము కాదని వారి మొఱ. ఆ మొఱలో సత్యము లేకపోలేదు. చట్టములు వచ్చిన తరువాత ఆ కులమున పుట్టిన ఆటయు పాటయు పెద్దింటి సభలకెక్కి కీర్తిని పొందినవి. వానిని కాపాడిన స్త్రీలు మాత్రము పలువురు ఆకలితో మరుగుపడిరి. అయినను నాగరత్నమ్మ యొక్కతె వెనుక పేరు లేని బాలికలు నూఱుమంది యుండిరి. వారి పక్షమున మాటలాడువారు సభలో ముత్తులక్ష్మి తప్ప లేకపోయిరి. ఈ తగవులో నేను ఆమె పక్షమే వహింతును.

మన సీమలో ఈ ఆచారమునకు వేరు రూప ముండెను. పెద్ద గుళ్ళు, భూములు, నాట్యము ఏవియు లేని పేదయిండ్లలో ఆడపిల్లను బసివిగా విడిచెడివారు. మగబిడ్డ లేని తండ్రికి కర్మ చేయుటకు, ఆస్తిని నిలుపుటకు కూతురినే కొడుకుగా భావించుటయే దానికి చెప్పు కారణము. పెండ్లి లేక పుట్టినింటనే యుండి ఆమె పిల్లలను కనవలెను. ఆ పిల్లల తండ్రికి ఏ బాధ్యతయు లేదు. కాన్పున చచ్చినను అడుగువారు లేరు. కొట్టినను అడుగువారు లేరు. అనంతపురము, బళ్ళారి జిల్లాలలో ఈ ఆచారము కలదని ఇంగ్లీషు దొరలు పందొమ్మిదవ శతాబ్దముననే వ్రాసిరి. 1930లో ముత్తులక్ష్మి అర్పణమునే నిషేధించు బిల్లును ప్రవేశపెట్టెను. ఆ సంవత్సరమే గాంధీగారిని నిర్బంధించినందుకు నిరసనగా సభా సభ్యత్వమును వదలుకొనెను. బిల్లు మూలబడి, 1947 చివర గాని చట్టము కాలేదు. ఆ చట్టమే మన జిల్లాకును వర్తించినది. అయినను బసివి ఆచారము లోలోపల సాగుచుండుటచే 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బసివి, జోగిని, మాతమ్మ మున్నగు పేర్లు పెట్టి మఱియొక చట్టము చేయవలసివచ్చెను.

సభను విడిచిన తరువాతి ఘట్టము చిన్నదే గాని నాకు అన్నిటికంటె పెద్దదిగా తోచును. దేవదాసీ కుటుంబములనుండి తప్పించుకొని వచ్చిన బాలికలు కొందఱు ఆమె గుమ్మమున నిలిచిరి. చదువుకొనుటకు చోటు కావలెను. మద్రాసులోని వసతిగృహములవారు వారి కులము విని తలుపులు మూసిరి. చట్టములు చేయించిన స్త్రీ ఇప్పుడేమి చేయవలెను? ఆమె వారిని తన యింటనే ఉంచుకొనెను. అదియే అవ్వై యిల్లు. తరువాత అడయారునకు మారి పెరిగెను. భర్తలు వెళ్ళగొట్టినవారు, చిన్ననాడే వితంతువులైనవారు, పెండ్లి లేక గర్భవతులైనవారు అచ్చట చేరిరి. కులము అడుగలేదు. ఉపాధ్యాయినులుగ, నర్సులుగ పెక్కుమంది వెలువడిరి. కొట్టు మగనిని విడిచి పొమ్మని స్త్రీకి చెప్పుట సులభము. ఎచ్చటికి పోవలెనో చూపుట కష్టము. గృహహింసనుండి స్త్రీలను రక్షించు 2005 నాటి చట్టమున ఆశ్రయగృహములను గూర్చియు, కాపురమున్న యింటిలో నివసించు హక్కును గూర్చియు విధించిరి. ఆ యవసరమును అంతకు డెబ్బదియైదేండ్ల నాడే తన గుమ్మమున ఆమె చూచెను.

చెల్లెలు క్యాన్సరుతో మరణించుట ఆమె గుండెలో ముల్లుగా నిలిచెను. అప్పటికి దక్షిణదేశమున ఆ రోగమునకు ప్రత్యేక వైద్యశాల లేదు. చచ్చువారికి ఆసుపత్రి యెందులకని అధికారులు పెదవి విఱిచిరి. ఆమె యేండ్ల తరబడి చందాలు ప్రోగుచేసెను. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954లో అడయారున 12 పడకలతో క్యాన్సరు వైద్యశాల ప్రారంభమయ్యెను. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తియు, తరువాత చేరిన డాక్టరు వి. శాంతయు దానిని పెంచిరి. అచ్చటికి వచ్చిన స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మిక్కిలి ఎక్కువ. చిన్నతనముననే కాపురము, వెంటవెంట కాన్పులు, శుభ్రత లేమి, భర్త తెచ్చిన అంటు దానికి దోహదములు. అంటుకు కారణమైన వైరసు పేరు శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి. ఇప్పుడు దానికి టీకా కలదు. ముందుగా పరీక్ష చేయించుకొన్నచో పుండు కాకమునుపే మాన్పవచ్చును. తెల్లబట్ట, నడుమ నడుమ నెత్తురు, భర్తతో కలిసిన పిమ్మట నెత్తురు కనబడినచో సిగ్గుపడి దాచరాదని మన గ్రంథాలయమునకు వచ్చు సోదరీమణులకు ప్రత్యేకముగ మనవి చేయుచున్నాను. మగవారు ఈ పుటను చించివేయక ఇంటిలో చదివి వినిపింపవలెను.

1956లో ఆమెకు పద్మభూషణ బిరుదము వచ్చెను. వయస్సు మీఱినను ఆమె పని మానలేదు. తమిళనాటి ప్రభుత్వమువారు బీద గర్భవతులకు ధనసహాయము చేయు పథకమునకు ఆమె పేరు పెట్టిరి.

మన రాష్ట్రము సంగతి కూడ చెప్పుకొందము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు. భర్త చేతిలో హింస అనుభవించిన వివాహితలు నూటికి 30 మంది ప్రాంతము. లెక్కలు వ్రాయువాడు లెక్కను దాచరాదు గనుక వ్రాసితిని.

డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి 1968 జూలై 22వ తేదీన మద్రాసులో స్వర్గస్థురాలయ్యెను. అప్పటికి ఆమెకు ఎనుబదిరెండేండ్లు నిండుటకు ఎనిమిది దినములు తక్కువ.